దిష్టిబొమ్మకు ఎవరి అంగీ

బండమీదిపల్లె (మక్తల్ దగ్గర)
2016 ఫిబ్రవరి 21

బిడ్డ భాగ్యశ్రీకి అమ్మ సాలమ్మ రాసేది.

నేను బాగున్న. నువ్వు బాగున్నవా. గీడిదాంక రాత్రి బడి సంధ్య టీచరు బోర్డు మీద రాసి ఇచ్చింది. "ఇంక కింద నీ సొంతంగ రాయి సాలమ్మక్కా" అన్నది. పలక మీద రాసుడు అయిపోయింది, ఇప్పుడు నిజం మనిషికి నిజం ఉత్తరం రాయాల్నట. నాకు నిజం మనిషి నువ్వే ఉన్నవ్. ఫోన్ల చెప్పొచ్చు గదా అంటవేమో. ఫోను మీ బాపు జేబుల ఉంటది. నేను మాట్లాడుతుంటే పక్కకు నిలవడి నా జవాబులు గూడ ఆయనే చెప్తడు.

ఇంటి సంగతి. గోడలు కిటికీల ఎత్తు లేసినయి. మేస్త్రి జంగయ్య పొద్దుగాల వచ్చి, చాయ తాగి, నిన్నటి గోడను చూసి "మస్తు కట్టిన" అని తనకు తనే చెప్పుకుంటడు. ఆ తర్వాతనే పని షురూ. నువ్వు కాయితం మీద గీసి పంపిన బాత్రూం గురించి నిన్న లొల్లి అయింది. మీ బాపు అంటడు, "అన్నం తినే ఇంట్ల తానం ఏంది, లెట్రిన్ ఏంది? ఆ జాగల దివాన్ మంచం ఏస్తే సుట్టాలొచ్చి కూసుంటరు." జంగయ్య అంటడు, "అవు కిష్టన్నా. దివానుకు పైపు అక్కర లేదు, మోరీ అక్కర లేదు. నాకు గూడ అల్కగ ఉంటది." నేను చాయ గ్లాసులు కడగవోయిన.

నీకు చెప్తున్న. నాకు ఆ గది కావాలె బిడ్డా. పెండ్లయి వచ్చిన కాంచి కట్టెలకు పాత చీర సుట్టి అండ్లనే తానం చేస్తున్న. గాలి లేస్తే చీర ఒక దిక్కు పోతది, నేనొక దిక్కు పోత. మొన్న తలకు సబ్బు పెట్టుకున్నప్పుడు బర్రె వచ్చి చీర నమిలింది. కండ్లల్ల సబ్బు, చేతుల చెంబు, చీర బర్రె నోట్ల. బర్రెను అదిలియ్యాల్నా, చీర గుంజుకోవాల్నా, కండ్లు కడుక్కోవాల్నా? మీ బాపుకు చెప్తే ఆ బర్రె ఎవలదని అడిగిండు.

తలుపున్న గది. లోపటికెళ్లి ఏసుకునే తలుపు. గంతే. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్తే ఆయన ఇంటడు.

ఇట్లు
సాలమ్మ
(ఇది వేలిముద్ర కాదు, సంతకం)


చౌటుప్పల్
మార్చి 2

అమ్మకు,

నీ ఉత్తరాన్ని మా సైటులో ఇసుక కుప్ప పక్కన నిలబడి చదివాను. మా ఇంజనీరు శివకృష్ణ సార్ చూసి "ఏం డ్రాయింగ్ అది?" అన్నారు. "మా ఇంటిది సార్" అన్నాను. అబద్ధమేమీ కాదు కదా. నీ సంతకం చాలా బాగుంది. "ల" కింద కొంచెం వణికింది కానీ, కొత్త గోడలు కూడా మొదట అలాగే ఉంటాయి.

ఇక్కడ మేం కడుతున్న అపార్టుమెంటులో ఒక్కో ఇంటికి మూడు బాత్రూంలు. ఉండేది నలుగురు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నమూనా ఇంటి బాత్రూం తలుపు తట్టి లోపలికి వెళ్లాను. లోపల ఎవరూ లేరు, నల్లా కూడా ఇంకా లేదు. కూలీలు ఇప్పటికీ నన్ను చూస్తే ఇటుక మీద టకటక కొట్టి నవ్వుతారు.

బాపుతో మాట్లాడాను. "బాపూ, దివాన్ మీద కూర్చున్న చుట్టాలు ఛాయ్ తాగాక ఎక్కడికి వెళ్తారు?" అని అడిగాను. "చెల్క దిక్కు" అన్నాడు. "ఆడవాళ్లో?" అన్నాను. బాపు "చార్జింగ్ అయిపోతాంది" అని పెట్టేశాడు. మర్నాడు ఆయనే ఫోన్ చేసి, "కట్టుడైతే కడ్తం గానీ, నీళ్లు ఏడికి పంపుతవ్?" అన్నాడు. చాలా మంచి ప్రశ్న. మా కాలేజీలో కూడా అదే ముందు అడిగేవారు. ఇంట్లోకి నీళ్లు తేవడం తేలిక, ఇంట్లోంచి పంపడమే అసలు విద్య.

మన ఊరి పేరులోనే ఉంది కష్టం. గడ్డపారతో రెండు దెబ్బలు వేస్తే బండ తగులుతుంది. పునాదికి అది మంచిదే, మన ఇల్లు ఎక్కడికీ కుంగదు. కానీ నీళ్లు బండలోకి ఇంకవు, అందుకని ఇంకుడు గుంత పనిచేయదు. వీధి వైపు పంపుదామంటే, సిమెంటు రోడ్డు వేసినప్పటి నుంచి వీధి ఎత్తయింది, మన వాకిలి పల్లమైంది. మిగిలిన దారి ఒక్కటే. వెనక సాల్మన్ పెద్దబాపు వాకిలి అంచున పైపు వేస్తే నీళ్లు వాలుకు వాటంతటవే పెద్ద మోరీలో కలుస్తాయి. పెద్దబాపును పండుగకు ఇంటికి వచ్చినప్పుడే అడిగాను. "నువ్వు అడిగినంక కాదంటనా బిడ్డా" అన్నాడు. కాబట్టి ఫికర్ లేదు.

వాసన వస్తుందని ఎవరైనా అంటే ఇలా చెప్పు: పైపు మొదట్లో ఒక వంపు పెడతాం. ఆ వంపులో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉంటాయి. అవతలి కంపు ఆ నీళ్లను దాటి రాలేదు. జంగయ్య మేస్త్రి ఆ వంపును చూసి "గీ వంకర ఎందుకు" అని తీసేయకుండా చూడు.

ఇంకో మాట. ఇటుకలను బాగా తడిపాకే కట్టాలి. కట్టిన గోడకు రోజూ నీళ్లు పట్టాలి. కొత్త గోడను బాలింతలా చూసుకోవాలి అమ్మా.

నీ
భాగ్యశ్రీ


బండమీదిపల్లె
మార్చి 20

బిడ్డకు,

బాలింత లెక్క చూసుకోమని రాస్తివి. నువ్వు పుట్టినప్పుడు మీ అవ్వ నాకు గుక్కెడు నీళ్లు తాగనియ్యలె, ఒళ్లు ఉబ్బుతదని. గీ గోడకైతే పొద్దుమాపు బిందెలకు బిందెలు పోస్తున్న. నా కన్న గోడకే నసీబున్నది.

మీ బాపు దివాన్ మాట ఇడిసిపెట్టిండు. బాత్రూం గోడలు గూడ లేసినయి. పైపు కోసం ఎనక గోడల బొక్క ఇడిసిండ్రు. నేను దినాం ఆ బొక్కల కెళ్లి తొంగి చూస్త. అవతల మీ పెద్దబాపు కోళ్లు కనవడ్తయ్.

ఒక ఖుషి ముచ్చట. మొన్న జంగయ్య తాపీ కింద వెట్టిండు. "అక్కా, గోడలు కిటికీలు దాటినయ్. ఇంక ఊరోళ్ల కండ్లన్ని ఇటే. దిష్టిబొమ్మ కట్టకుంటే నేను తాపీ పట్ట" అన్నడు. "ఇప్పుడు పట్టి ఏం చేస్తున్నవ్ లే" అని మీ బాపు అన్నడు. లొల్లి ఎందుకని నేనే కట్టిన. గోనె సంచిల జొన్న చొప్ప కుక్కి, మీద కుండ బోర్లిచ్చి, సున్నంతోని కండ్లు, బొగ్గుతోని మీసాలు వెట్టిన. అంగీ లేకుంటే బాగుండదని పెట్టెల ఎతికితే మీ పెద్దబాపు ఖాకీ అంగీ దొరికింది. కండక్టరు నౌకరి అయిపోయినంక సైకిల్ తుడుచుకోమని మీ బాపుకు ఇచ్చిండు సూడు, గదే. గుండీలు గూడ ఉన్నయ్.

పిల్లరు సలాకకు కట్టినం. ఒక చెయ్యి కింద సలాక తగిలి ఆ చెయ్యి మీదికి లేసింది. అచ్చం బస్సు ఆపినట్టె ఉన్నది. ఊరంత వచ్చిరి. "సాబ్, మక్తల్‌కు రెండు ఇయ్యి" అని ఒకడు, "చిల్లర లేదంటడు సూడు" అని ఒకడు. నవ్వి నవ్వి జంగయ్య పరంజ మీదికెళ్లి జారిండు, ఇసుకల పడ్డడు కాబట్టి ఏం కాలె.

మీ పెద్దబాపు గూడ వచ్చిండు. చాన సేపు చూసిండు. నవ్వలె. ఎండకు తల నొస్తుందేమో.

సాలమ్మ


చౌటుప్పల్
మార్చి 29

అమ్మా,

పెద్దబాపుకు తల నొప్పి కాదు.

నిన్న ఆయనే ఫోన్ చేశాడు. చేసినప్పుడు నేను స్లాబు కమ్మీలు సరిచూస్తూ నాలుగో అంతస్తులో ఉన్నాను. ఆయన గొంతు ఫోన్ లేకపోయినా వినిపించేది.

"భాగ్యా, నీకు చెప్పకుంటే ఎవలకు చెప్పాలె. నౌకరి చేసినన్ని దినాలు ఇస్త్రీ లేకుండ ఆ అంగీ తొడగలె. ఇప్పుడు దాని భుజం మీద కాకి కూసున్నది. ప్రభువును నమ్మినోని అంగీ దిష్టిబొమ్మకా? ఆదివారం పాస్టరయ్య నన్ను చూసి గొంతు సవరించుకున్నడు."

"పెద్దబాపూ, అమ్మకు తెలియక..."

"తెల్వకనా? మీసాలు గూడ నా తీరుగనే వెట్టింది! పిల్లగాండ్లు దాని కింద నిలవడి నా లెక్క ఒర్రుకుంట బస్సాట ఆడుతున్నరు. మీ పైపు నా వాకిట్ల కెళ్లి పోదు. గీ బస్సు పోదు. దిగుండ్రి."

పెట్టేశాడు.

అమ్మా, నేను మూడేళ్లు డిప్లొమా చదివాను. నీళ్లను కొలవడం, శుభ్రం చేయడం, ఎత్తుకు ఎక్కించడం అన్నీ చదివాను. కానీ మోటారు లేకుండా నీళ్లు పల్లానికి తప్ప ఇంకెక్కడికీ పోవు. మనకు పల్లం అంటే పెద్దబాపు వాకిలి. ఆయన కాదంటే నీ బాత్రూం నాలుగు గోడల తొట్టి అవుతుంది. ఒక్కసారి స్నానం చేస్తే రెండోసారి ఈదాలి.

జంగయ్య మేస్త్రికి ఫోన్ చేసి బొమ్మను దించమన్నాను. "స్లాబు పడకముందే దించితే అరిష్టం బిడ్డా, నువ్వు సిమెంటు సంగతి చూసుకో, కండ్ల సంగతి నాకు ఇడిసిపెట్టు" అన్నాడు. సరే, బొమ్మను ఉండనివ్వు. అంగీ మాత్రం వెంటనే మార్చు. ఎవరిదీ కానట్టుండే బట్ట ఏదైనా తొడుగు.

నీ
భాగ్యశ్రీ


బండమీదిపల్లె
ఏప్రిల్ 17

బిడ్డా,

ఎవరిదీ కాని బట్ట తొడుగుమని నువ్వు అల్కగ రాస్తివి.

ఖాకీ అంగీ తీసి ఉతికి దాసిన. పెట్టె తీసిన. మీద ఒక చారల అంగీ ఉన్నది. మీ బాపు బడికి సున్నం ఏసినప్పుడు హెడ్మాస్టరు సారు ఇచ్చింది. చారలే కదా, ఎవలు గుర్తువడ్తరు అని తొడిగిన. తెల్లారి సారు స్కూటర్ మీద పోతు పోతు ఆగిండు. అద్దాలు తీసి తుడిచి మల్ల పెట్టుకున్నడు. బండి ఎక్కి పోయిండు. రాత్రి బడిల సంధ్య టీచరు చెప్పింది, "నేను గంత బక్కగ ఉన్ననా" అని ఆమెను అడిగిండట.

అది తీసిన. లుంగీ ఒకటి దొరికితే సుట్టిన. జంగయ్య తాపీ మల్ల కింద వెట్టిండు. "అక్కా, పోయినేడు వానల మీ ఆయన తడిస్తే నేనిచ్చిన లుంగీ అది. నా లుంగీ దీనికి కట్టి, నన్నే గోడ కట్టుమంటవా?" అన్నడు.

ఇంక మొగోళ్ల బట్టలతోని పంచాయితి అని చీర కట్టిన. పూల చీర. నేనే కట్టుకునేది గనుక నాదే అనుకున్న. మీసాలు తుడిస్తే పోలె, బొగ్గు కుండకు పట్టింది. మీసాలతోనే కట్టిన. పొద్దుగాల మీ పెద్దబాపు ఇంటికెళ్లి మీ బీరమ్మ పెద్దమ్మ వచ్చింది. ఆ చీర ఆమె ఇచ్చిందని నేను మర్సిపోయిన బిడ్డా, ప్రభువు తోడు అని ఆమెకు చెప్పిన, లుంగీ సంగతి గూడ మర్సిపోయిన, మల్లన్న తోడు అని జంగయ్యకు చెప్పిన.

"సాలీ, నాకు మీసాలున్నయా?" అన్నది.

"లేవక్కా."

"మరి దానికెందుకున్నయ్?"

ఇప్పుడు మొగుడు మాట్లాడడు, పెండ్లాం మాట్లాడది. కోళ్లు గూడ ఇటు దిక్కు రాట్లేవు.

చీర తీసినంక బొమ్మ ఒట్టి గోనెతోని రెండు దినాలున్నది. జంగయ్య అంటడు, బట్టల్లేని బొమ్మను చూస్తే దిష్టి పోదట, సిగ్గు పోతదట.

పెట్టె అడుగుదాంక తీసిన. పాతయన్ని ఎవలో ఒకలు ఇచ్చినయే. మనం కొన్నయన్ని కొత్తగ ఉండాల్నని ఇంక మడత ఇప్పనే లేదు. గిట్లాంటి ఇల్లు ఏడనన్న ఉంటదా?

మీ బాపు నిన్న జానతోని బాత్రూం గోడను కొలుస్తుండె. ఏందని అడిగితే "దివాన్ పొడుగు ఎంతుంటదో చూస్తున్న" అన్నడు. పైపు బొక్కను ప్లాస్టరింగ్ అప్పుడు మూసేస్తనని జంగయ్య చెప్పిండు. జల్ది ఏదన్న సోంచాయించు.

సాలమ్మ


చౌటుప్పల్
ఏప్రిల్ 26

అమ్మకు,

నీ ఉత్తరం చదివి నవ్వాను. తర్వాత పెట్టె గురించి రాసింది మళ్లీ చదివి నవ్వడం మానేశాను. తర్వాత మీసాల దగ్గరికి వచ్చి మళ్లీ నవ్వాను. శివకృష్ణ సార్ ఈసారి డ్రాయింగ్ గురించి అడగలేదు, నీళ్లు తాగమన్నారు.

బస్సు పార్సిలులో నా నీలం కోటు పంపుతున్నాను. కాలేజీ వర్క్‌షాపులో వేసుకునేదాన్ని, మోచేతి దగ్గర వెల్డింగుకు కాలిన చిల్లు ఉంటుంది. బాపు మహబూబ్‌నగర్‌లో గుడ్డ కొని, కొలతలిచ్చి కుట్టించాడు. అది ఎవరూ ఇచ్చింది కాదు. పాతబడింది కూడా. బొమ్మకు తొడుగు. ఎవరైనా వచ్చి నాదే అంటే నేనే అవుతాను, నేను కోపం తెచ్చుకోను.

రెండో సంగతి. పెద్దబాపు ఒప్పుకోకపోతే ఏం చేయాలో రాత్రంతా లెక్క కట్టాను. బాత్రూం నేలను బాగా ఎత్తు చేస్తే నీళ్లను వీధి మోరీకే పంపొచ్చు. అప్పుడు నువ్వు మెట్లెక్కి స్నానానికి వెళ్లాలి. ఎత్తు ఎంత వస్తుందంటే, నువ్వు లోపల నిలబడితే తల స్లాబుకు తగులుతుంది, కాబట్టి కూర్చునే స్నానం చేయాలి. వెంటిలేటరు నీ మోకాళ్ల దగ్గరకు వస్తుంది. బొమ్మ గీసి చూశాను. నిజం చెప్పాలంటే అది బాత్రూంలా లేదు, నిన్ను మంచె మీద కూర్చోబెట్టి పిట్టలు తోలమన్నట్టుంది. అయినా గీసిన కాగితం జత చేస్తున్నాను. చివరి దారి ఇదే.

పెద్దబాపుకు పైపు వంపు గురించి ఫోన్‌లో చెప్పబోయాను. "వంకర మాటలు చెప్పకు" అని పెట్టేశాడు.

దివాన్ మాత్రం ఒప్పుకోవద్దు.

నీ
భాగ్యశ్రీ


బండమీదిపల్లె
మే 15

బిడ్డా భాగ్యా,

నీ కోటు తొడిగిన. మీసాల కుండ తీసి కొత్త కుండ వెట్టిన, నీ లెక్క జడ గూడ ఏసిన, కొబ్బరి పీసుతోని. "ఇంజనీరమ్మ వచ్చింది, పని సక్కగ చెయ్యుండ్రి" అని ఊరోళ్లు జంగయ్యను ఎక్కిరిస్తున్నరు. పొద్దుగాల నేను లేసి చూస్తే నువ్వే నిలవడ్డట్టు అనిపిస్తది. చాయ తాగినవా అని ఒక దినం అడిగిన గూడ.

నువ్వు గీసిన మంచె కాయితం మీ బాపు చూసి, "గిండ్ల దివాన్ పట్టదు" అని పక్కకు వెట్టిండు.

ఇప్పుడు అసలు ముచ్చట. మొన్న పొద్దుగూకే యాల్లకు మీ పెద్దబాపు వచ్చిండు. మాట్లాడక నెల దాటె. వాకిట్ల నిలవడి బొమ్మ దిక్కు చూసిండు.

"గిది ఎవలు?"

"మీ బిడ్డ కోటు బావా. ఇంక ఎవలు ఏమనరు."

"నా అంగీ ఏమాయె?"

"ఉతికి దాసిన. తెచ్చియ్యమంటవా?"

ఆయన కంకర కుప్ప సుట్టు తిరిగిండు. ఒక ఇటుక తీసి చూసి మల్ల ఆడనే వెట్టిండు. అప్పుడు మెల్లగ అన్నడు.

"సాలమ్మా, ఆ అంగీ బొమ్మ మీద ఉన్నన్ని దినాలు మక్తల్ బస్టాండ్ల అందరు పిలిచి పలకరిస్తుండిరి. 'సాబ్, మీరింక డ్యూటీల ఉన్నరట గదా' అని చాయ తాగిపిచ్చిరి. పిల్లగాండ్లు ఇంటికొచ్చి, తాతా విజిల్ ఎట్ల కొట్టాలె అని అడుగుతుండిరి. నౌకరి అయిపోయినంక నా ఇంటి ముంగట నిలవడేది కరెంటు బిల్లోడు ఒక్కడే. నేను కోపం చేస్తిని, నువ్వు అంగీ తీస్తివి. ఇప్పుడు మల్ల ఎవలు లేరు."

పరంజ మీదికెళ్లి జంగయ్య, "మరి గంత లొల్లి ఎందుకు చేస్తివి సాబ్?" అన్నడు.

"నువ్వు గోడ సంగతి చూడు. ఆ మూలకు కడుపొచ్చింది."

"గోడ సక్కగనే ఉన్నది సాబ్. మీరే వంగి నిలవడ్డరు."

ఇదే మోక అనుకున్న.  "బావా, అంగీ ఇస్త్రీ చేసి ఎక్కిస్త. గానీ డ్యూటీ ఎక్కిన మనిషి బస్సు ఆపొద్దు. మా నీళ్లను పోనియ్యాలె" అన్న.

ఆయన నా దిక్కు చూసిండు. "నీళ్లు పోవచ్చు. కంపు రావొద్దు."

నువ్వు రాసిన వంపు ముచ్చట చెప్పిన. అండ్ల ఎప్పుడు జర నీళ్లు నిలవడి ఉంటయ్ బావా, అవి కంపును ఇటు రానియ్యవ్ అని. ఆయన సోంచాయించిండు.

"ఆహా. ఫుట్‌బోర్డు మీద నిలవడ్డోడు. తను లోపటికి పోడు, ఎనకోన్ని ఎక్కనియ్యడు. ఆ రకపోళ్లు నాకు తెల్సు. నమ్మొచ్చు."

ఇంటికి పోయి తోలు సంచి, విజిల్ తెచ్చి ఇచ్చిండు. నేను ఇంకో గోనె సంచిల చొప్ప కుక్కి ఇస్త్రీ చేసిన ఖాకీ అంగీ తొడిగితే కాలర్ తనే సదిరిండు. దిష్టిబొమ్మ అనొద్దట, వాచ్‌మన్ అనాల్నట. పాస్టరయ్య అడిగితే తనే చెప్పుకుంటడట. బీరమ్మక్క గూడ వచ్చి నవ్వింది. మీసాలు మాత్రం మల్ల ఖాకీ దానికే వెట్టు అన్నది.

ఇప్పుడు ఇంటి మీద ఇద్దరున్నరు. ఒక దిక్కు ఇంజనీరమ్మ, ఒక దిక్కు కండక్టర్ సాబ్. జంగయ్య అంటడు, గింత బందోబస్తు కలెక్టరాఫీసుకు గూడ లేదట.

సాలమ్మ


చౌటుప్పల్
మే 25

అమ్మా,

నీ ఉత్తరం అందిన రోజు నేను మా సైటులో ఇసుక జల్లెడ పట్టేవాళ్లందరికీ ఛాయ్ ఇప్పించాను. ఎందుకని అడిగితే "మా ఇంటి నీళ్లకు దారి దొరికింది" అన్నాను. ఒకావిడ "మా ఇంటి నీళ్లకు ఇంకా దొరకలేదమ్మా" అంది. ఆవిడకూ ఒక కాగితం గీసిచ్చాను.

స్లాబు రోజు రావాలని సెలవు అడిగాను. అదే రోజు ఇక్కడా స్లాబు ఉందట, ఇవ్వలేదు. బాధగా ఉంది. నా తరఫున నువ్వు నిలబడు. కాంక్రీటు పలుచగా కలిపితే ఒప్పుకోకు. జంగయ్య మేస్త్రి నీళ్లు ఎక్కువ పోస్తుంటే చేయి పట్టుకో. బాపు బలం కోసమని సిమెంటు ఎక్కువ వేస్తుంటే ఆయన చేయి కూడా పట్టుకో. నీకు రెండు చేతులే ఉన్నాయని తెలుసు.

పైపు వేశాక ఒక బిందె నీళ్లు పోసి, నువ్వు పరుగెత్తి పెద్దబాపు వాకిట్లోకి వెళ్లి చూడు. నీళ్లు ఆగకుండా వస్తే వాలు సరిగ్గా ఉన్నట్టు.

బాపు ఫోన్‌లో "తలుపు తర్వాత చూద్దం, ముందుగాల పరదా కడ్తం, మన ఇంట్ల మనమే గదా" అన్నాడు. అమ్మా, నేను బాపు మీద ఎప్పుడూ గొంతు పెంచలేదు. నిన్న పెంచాను. "పరదానే అయితే ఇన్ని రోజులు అమ్మ చేసింది ఏంటి బాపూ?" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేయలేదు. ఈసారి చార్జింగ్ మాట కూడా ఎత్తలేదు. సాయంత్రానికి "తలుపు దొరికింది, గొళ్లెం ఎట్లాంటిది పెట్టాలె" అని అడిగాడు. లోపలి నుంచి వేసుకునేది అని చెప్పాను.

నేను కాలేజీలో ఎన్నో ఇళ్లు గీశాను. ఏ ఇంట్లోనూ ఎవరూ స్నానం చేయలేదు. నా గీతల మధ్య మొదటిసారి ఒక మనిషి నీళ్లు పోసుకోబోతోంది. ఎలా ఉందో తప్పకుండా రాయి. వెలుతురు సరిపోతుందా, వెంటిలేటరులోంచి గాలి వస్తుందా, నేల జారుతుందా, అన్నీ రాయి.

నీ
భాగ్యశ్రీ


బండమీదిపల్లె
జూన్ 26

బిడ్డ భాగ్యశ్రీకి,

స్లాబు పడ్డది. సెంట్రింగ్ ఇప్పినంక ఇల్లు తన కాళ్ల మీద నిలవడ్డది. నీ కోటు తొడిగిన దిష్టిబొమ్మను జంగయ్య దించిండు. వాచ్‌మన్‌ను మీ పెద్దబాపు దించనియ్యలె, తన వాకిట్ల వేప చెట్టుకు కట్టుకున్నడు.

నువ్వు అడిగినయన్ని రాస్త. వెలుతురు మస్తున్నది. గాలి వస్తాంది. నేల జారదు, గరుకు బండలు ఏయించినం. నీళ్లు నిలవడుతలేవు. ఒక్క చెంబు పోసినా గుడగుడమని పోతయి. పైపు కొనకాడ మీ పెద్దబాపు కుర్చీ ఏసుకొని కూసుంటడు. నీళ్లు వచ్చినప్పుడల్ల విజిల్ కొట్టి "రైట్, రైట్" అంటడు. కంపు వచ్చిందా బావా అని అడిగితే "ఫుట్‌బోర్డోడు ఒక్కన్ని గూడ ఎక్కనియ్యట్లే" అన్నడు.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం బాత్రూంలనే రాస్తున్న. బకెట్ బోర్లిచ్చి దాని మీద కూసున్న. లోపట గొళ్లెం ఏసిన. తానం అయిపోయి చాన సేపయింది. తల గూడ ఆరింది. ఊకెనే కూసున్న.

గిట్ల ఎప్పుడన్న కూసున్ననా అని సోంచాయిస్తే యాదికొస్తలేదు. చేన్ల కూసుంటే ఎవలో పిలుస్తరు, పొయ్యికాడ కూసుంటే ఎవలో అడుగుతరు. గీ గదిల అదేం లేదు బిడ్డా. గోడలున్నయ్, నేనున్న. వెంటిలేటర్ల కెళ్లి ఎండ పడి గోడ మీద ఒక ముక్క లెక్క ఉన్నది. అది మెల్లగ జరుగుతాంది. దాన్నే చూస్తున్న.

మీ బాపు రెండుసార్లు వచ్చి తలుపు కొట్టిండు. "సాలీ, అయిందా?" అన్నడు. "అయితాంది" అన్న. "ఏం చేస్తున్నవ్ గంతసేపు?" అన్నడు. ఒక చెంబు నీళ్లు నేల మీద పోసిన. గుడగుడమని పోయినయి. అవతలికెళ్లి విజిల్ ఇనవడ్డది, "రైట్, రైట్" అని. "సరే సరే, కానీ" అని మీ బాపు పోయిండు.

మల్ల వస్తున్నట్టున్నడు, చెప్పుల సప్పుడు ఇనవడుతాంది. ఫికర్ లేదు. బిందెల నీళ్లు ఇంక సగం ఉన్నయి.

సాలమ్మ